బజర్ పెట్టె ఎవరిని ముందు అడిగింది?

సంపాదకులకు నమస్కారం.

జాతీయ సైన్సు దినోత్సవం సందర్భంగా ఫిబ్రవరి 28న జరిగిన పాఠశాలల క్విజ్ గురించి మార్చి మొదటి వారంలో మీ జిల్లా పేజీలో ఒక చిన్న వార్త వచ్చింది. ఒక్కో బల్లకు ఒక బటన్ ఇచ్చి, ముందు నొక్కిన బల్ల దీపం వెలిగించే ఎలక్ట్రానిక్ బజర్ పెట్టె వాడటం వల్ల వివాదాలకు తావు లేకుండా పోటీ సాగిందని అందులో రాశారు. ఆ పోటీలో సమయం చూసిన వాళ్ళలో నేనొకణ్ణి. వివాదం వచ్చింది. తొమ్మిదో బల్ల దగ్గర కూర్చున్న ఎనిమిదో తరగతి అమ్మాయి లేచి నిలబడి, "మాస్టారూ, నేనే ముందు నొక్కాను" అంది. ప్రశ్నలు అడుగుతున్నాయన "యంత్రం అబద్ధం చెప్పదమ్మా, కూర్చో" అన్నారు. పిల్ల కూర్చుంది. అంతటితో ఆగిపోయింది కాబట్టి విషయం మీ విలేకరి దాకా రాలేదు. ఆయన తప్పేమీ లేదు.

నేను ఒక ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాలలో 31 సంవత్సరాలు పనిచేసి రిటైరయ్యాను. ఎన్నో పెట్టెలు విప్పాను, కట్టాను. తనకు రాసిపెట్టిన ప్రోగ్రాము ఏం చెప్పమంటే ఏ పెట్టె అయినా అదే చెబుతుంది. ఆ ప్రోగ్రాములో ఏముందో ఎవరూ చూడకుండా, ఒక్కసారైనా పరీక్షించకుండా, ఎదురుగా నిలబడ్డ పిల్ల మాటను తోసిపుచ్చడం నాకు కష్టంగా తోచింది. ఆ రోజు అక్కడే నోరు విప్పనందుకు ఇంకా ఎక్కువ బాధపడ్డాను. అందుకే కాస్త పొడవైనా ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ ప్రశ్న ఇది: చేతిలో పట్టుకుంటే ప్రమాదం లేకుండా కరిగిపోయే లోహం ఏది? జవాబు గాలియం. అది 30 డిగ్రీల లోపే కరుగుతుంది. మన ఎండల్లో అయితే సీసాలో ఉండగానే నీరవుతుంది. ప్రశ్న పూర్తికాగానే తొమ్మిదో బల్ల బటన్ టిక్కుమనడం విన్నాను. నేను ఆ బల్లకు రెండడుగుల దూరంలో ఉన్నాను. దీపం మాత్రం రెండో బల్లకు వెలిగింది. ఆ బల్ల పిల్లలు సరైన జవాబే చెప్పారు, పది మార్కులు వచ్చాయి. పోటీ చివర రెండో బల్లకూ తొమ్మిదో బల్లకూ మధ్య తేడా ఐదు మార్కులు.

నా చెవి సాక్ష్యం కాదు. దగ్గరి బటన్ చప్పుడు బాగా వినిపిస్తుంది, హాలుకు అవతలి వైపు ఉన్నది వినిపించదు. కాబట్టి ఆ ప్రశ్నకు ఎవరు ముందో నేను ఇప్పటికీ చెప్పలేను. పెట్టె చెప్పగలదా లేదా అన్నది మాత్రం పరీక్షించి తేల్చవచ్చు. మర్నాడు ఉదయమే ఆ పెట్టెను అద్దెకిచ్చిన దుకాణానికి వెళ్ళాను. మైకు సెట్లు, కుర్చీలు, షామియానాలు అద్దెకిచ్చే దుకాణం అది. క్విజ్ పెట్టె కూడా పెట్టుకుంటే బడుల వాళ్ళు అడుగుతున్నారని యజమాని తయారైనదాన్ని కొనితెచ్చుకున్నారు. సంగతి చెప్పగానే, "తీసుకెళ్ళండి మాస్టారూ, ఆదివారం దాకా దాని అవసరం ఎవరికీ లేదు" అన్నారు. ఆయన మంచితనం వల్లే మిగతా కథంతా నడిచింది.

ఇంట్లో భోజనాల బల్ల మీద మూత విప్పాను. లోపల ఆర్డుయినో ఊనో తరహా మైక్రోకంట్రోలర్ (ప్రోగ్రాము నడిపే చిన్న కంప్యూటర్ చిప్పు) బోర్డు, 12 దీపాలు, ఒక తెర, ఒక బజర్, ఎంసీపీ 23017 అనే చిప్పులు రెండు ఉన్నాయి. ఆ చిప్పు ఎందుకో చెప్పాలి. ఊనో బోర్డుకు వైర్లు తగిలించే డిజిటల్ పిన్నులు 14, అనలాగ్ పిన్నులు 6. డిజిటల్ పిన్నుల్లో రెండు కంప్యూటర్‌తో మాట్లాడటానికే పోతాయి. పన్నెండు బటన్లు, పన్నెండు దీపాలు, పైన బజరు, తెర అంటే పిన్నులు చాలవు. అప్పుడు పిన్నులు పెంచే చిప్పును తగిలిస్తారు. ఎంసీపీ 23017కు 28 కాళ్ళు. వాటిలో 16 మన పనికి దొరుకుతాయి. మైక్రోకంట్రోలర్‌తో అది రెండే వైర్ల మీద మాట్లాడుతుంది. ఆ రెండు వైర్ల పద్ధతిని ఐ2సీ అంటారు. 1982లో ఫిలిప్స్ కంపెనీ టీవీ సెట్లలోని చిప్పులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి తెచ్చిన పద్ధతి అది. చిప్పుకు చిరునామా పెట్టడానికి మూడు కాళ్ళు ఉంటాయి కాబట్టి ఆ రెండు వైర్ల మీదే అలాంటివి ఎనిమిది వరకు వేలాడదీయవచ్చు. చవకైన, నమ్మకమైన చిప్పు. దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

బటన్ నొక్కనప్పుడు దాని వైరు 5 వోల్టుల దగ్గర ఉంటుంది. నొక్కగానే సున్నాకు పడుతుంది. పదహారు వైర్లలో ఏది పైన ఉంది, ఏది కింద ఉంది అన్నది చిప్పుకు ఎప్పుడూ తెలుసు. మైక్రోకంట్రోలర్ అడిగినప్పుడు పదహారింటి స్థితినీ రెండు బైట్లుగా పంపుతుంది. మామూలు వేగంతో ఈ ప్రశ్న, జవాబు కలిపి దాదాపు అర మిల్లీసెకను పడుతుంది (మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు). అంటే ఆపకుండా అడుగుతూ ఉంటే సెకనుకు సుమారు రెండు వేల సార్లు బటన్లను చూడవచ్చు. పిల్లల బొటనవేళ్ళ మధ్య న్యాయం చెప్పడానికి అది ధారాళంగా సరిపోతుంది.

అయితే ఈ పెట్టె అన్నిసార్లు అడుగుతోందా?

నాకు మొదట అనుమానం కలిగించింది తెర. ప్రశ్న మొదలవగానే అందులో అంకెలు సెకనులో పదో వంతు చొప్పున తగ్గుతూ కనిపిస్తాయి: 10.0, 9.9, 9.8. చూడటానికి బాగుంటుంది. కానీ ప్రోగ్రాము రాయడం కొత్తగా నేర్చుకున్నవాళ్ళు ఇలాంటి గడియారాన్ని ఎలా రాస్తారో నాకు బాగా తెలుసు. బటన్లు ఒకసారి చూస్తారు, అంకె మారుస్తారు, నూరు మిల్లీసెకన్లు ఆగమంటారు, మళ్ళీ మొదటికి వస్తారు. ఆగమన్న ఆ నూరు మిల్లీసెకన్లూ మైక్రోకంట్రోలర్ ఎవరినీ చూడదు.

అనుమానాన్ని పరీక్షగా మార్చడానికి ఒక సాయంత్రం పట్టింది. నా దగ్గరున్న మరో ఊనో బోర్డుకు పీసీ817 అనే ఆప్టోకప్లర్లు (లోపల వెలుగుతో పనిచేసే చిన్న స్విచ్చులు) రెండు కలిపి, ఒకదాన్ని తొమ్మిదో బల్ల బటన్‌కు, ఇంకొకదాన్ని రెండో బల్ల బటన్‌కు అడ్డంగా కట్టాను. రిలేలు, అంటే అయస్కాంతంతో కదిలే స్విచ్చులు, కూడా ఉన్నాయి గాని, వాటి లోపలి రేకు కదలడానికే కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది, ప్రతిసారీ ఒకేలా పట్టదు. ఇక ఈ రెండో బోర్డు వేళ్ళకు బదులు బటన్లు నొక్కుతుంది. తొమ్మిదిని ముందు, నేను చెప్పినంత వ్యవధి తర్వాత రెండును. ఒక్కో వ్యవధికి ఇరవైసార్లు నొక్కించి, ఏ దీపం వెలిగిందో నోటుపుస్తకంలో గీతలు గీశాను.

పది మిల్లీసెకన్ల తేడాతో నొక్కించినప్పుడు 20లో 18 సార్లు రెండో బల్ల దీపమే వెలిగింది. నలభై మిల్లీసెకన్లకు 11 సార్లు. ఎనభైకి 3 సార్లు. నూట పది మిల్లీసెకన్లకు ఒక్కసారి కూడా తప్పు రాలేదు. తర్వాత వరుస తిరగేసి రెండును ముందు, తొమ్మిదిని వెనక నొక్కించాను. ఏ వ్యవధికీ ఒక్క తప్పు లేదు.

ఆ గీతలు చూస్తే మూత విప్పకపోయినా పెట్టె లోపలి ప్రోగ్రాము అర్థమవుతుంది. తప్పులు నూరు మిల్లీసెకన్ల దగ్గర ఆగిపోయాయి. కాబట్టి అది నూరు మిల్లీసెకన్లకు ఒకసారే కళ్ళు తెరుస్తోంది. కళ్ళు మూసుకున్న వ్యవధిలో ఇద్దరు నొక్కితే, తెరిచేసరికి ఇద్దరి బటన్లూ నొక్కే ఉంటాయి. అప్పుడు అది ఒకటో బల్లను అడుగుతుంది, నొక్కలేదు. రెండో బల్లను అడుగుతుంది, నొక్కారు. వెంటనే దీపం వెలిగించి మిగతావాళ్ళ సంగతి మూసేస్తుంది. తొమ్మిదో బల్ల దాకా రానే రాదు.

ఒక వీధిలో పోస్టు డబ్బాను రోజుకు ఒకసారి తెరిచే మనిషి ఉన్నాడనుకోండి. డబ్బాలో రెండు ఉత్తరాలు దొరికాయి. వాటిని ఇంటి నంబర్ల వరుసలో పేర్చి, చిన్న నంబరు ఇంటివాళ్ళే ముందు వేశారని రాసుకుంటే ఎలా ఉంటుందో, ఈ పెట్టె తీర్పు అలా ఉంది. ఎవరు ముందు నొక్కారన్నది దానికి తెలియదు. తాను ఎవరిని ముందు అడిగిందో, ఆ పేరు చెబుతోంది.

పది మిల్లీసెకన్ల తేడా కూడా ఒక తేడానా అని మీ పాఠకులు అడగవచ్చు. 1984లో లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌ను 55.42 సెకన్లలో పూర్తిచేసింది. కాంస్యం 55.41 సెకన్లకు వెళ్ళింది. సెకనులో నూరో వంతు, అంటే సరిగ్గా పది మిల్లీసెకన్లు. నలభై ఏళ్ళు దాటినా మనం ఆ నూరో వంతును మరిచిపోలేదు. అక్కడ కెమెరా ఫొటో ఉంది, కొలత ఉంది, కాబట్టి ఓటమి బాధించినా తీర్పును గౌరవించాం. ఇక్కడ అదే తేడాకు పెట్టె 20లో 18 సార్లు తప్పు పేరు చెబుతోంది, పైగా దాన్నే ప్రమాణమంటున్నాం.

విచిత్రమేమిటంటే, ఆ పెట్టెలోని చిప్పు దగ్గర సరైన సమాచారం అందుబాటులోనే ఉంది. ఎంసీపీ 23017కు 19, 20 నంబర్ల కాళ్ళు రెండు ఉంటాయి. వాటిని ఇంటరప్ట్ కాళ్ళు అంటారు. ముందుగా ఏర్పాటు చేస్తే, ఏదైనా బటన్ మారిన క్షణంలోనే చిప్పు ఆ కాలిని కిందికి లాగి మైక్రోకంట్రోలర్‌ను పిలుస్తుంది. అంతేకాదు, ఆ క్షణంలో ఆ కాలికి సంబంధించిన ఎనిమిది వైర్లు ఏ స్థితిలో ఉన్నాయో తన లోపలి ఒక గదిలో ముద్ర వేసుకుని దాచుకుంటుంది. తర్వాత ఎవరు ఎన్ని బటన్లు నొక్కినా, మైక్రోకంట్రోలర్ వచ్చి చదివేదాకా ఆ ముద్ర చెదరదు. మైక్రోకంట్రోలర్ తెర మీద అంకెలు మారుస్తూ ఆలస్యం చేసినా మొదటి నొక్కు చెరిగిపోదు. నేను టార్చిలైటు వేసి ఆ కాళ్ళ వెంట చూశాను. రెండింటికీ సోల్డరు చుక్క ఉంది, వైరు లేదు. తొమ్మిదో బల్ల పిల్ల ముందు నొక్కిందని చెప్పగలిగే కాళ్ళు గాలిలో ఉన్నాయి. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

మేము 1980ల చివర్లో పాలిటెక్నిక్ వార్షికోత్సవానికి కట్టిన బజర్ పెట్టెలో మైక్రోకంట్రోలరే లేదు. వైర్ల స్థితిని పట్టి ఉంచే 74373 అనే లాచ్ చిప్పు, ఎనిమిది వైర్లలో ఏది కిందికి పడినా కనిపెట్టే 7430 అనే నాండ్ గేటు, ఎనిమిది దీపాలు. ఎనిమిది బటన్లలో ఏది నొక్కినా నాండ్ గేటు స్థితి మారి లాచ్ తలుపు మూసుకుపోయేది. ఆ తలుపు మూసుకోవడానికి పట్టే సమయం సెకనులో కోటి వంతుల లెక్క. అందులో మొదటి బల్ల, ఎనిమిదో బల్ల అనే వరుసే లేదు, ఎనిమిది వైర్లూ ఒకేసారి గేటు ముందు నిలబడి ఉంటాయి. వరుస వచ్చింది ప్రోగ్రాముతోనే. ప్రోగ్రాము ఒక వాక్యం తర్వాత ఒక వాక్యం చదువుతుంది. రాసినవాళ్ళు జాగ్రత్తపడకపోతే ఆ చదివే వరుసే తీర్పు వరుస అయి కూర్చుంటుంది. కొత్త పెట్టెలు వద్దని నా ఉద్దేశం కాదు. పాత పెట్టెలో సర్క్యూటే చూసుకున్న న్యాయాన్ని కొత్త పెట్టెలో మనిషి రాసిపెట్టాలి.

దుకాణం యజమానికి నోటుపుస్తకం చూపించాను. ఆయన ఇరవై గీతలూ వేలు పెట్టి లెక్కపెట్టుకుని, "బాగుచేయగలరా మాస్టారూ?" అని అడిగారు. చిప్పులో ఎక్కించిన ప్రోగ్రామును తిరిగి చదివి దిద్దడం కుదిరే పని కాదు. అందుకని బటన్లు, దీపాలు, పెట్టె అవే ఉంచి, నా ఊనో బోర్డు పెట్టి, ప్రోగ్రాము మొదటినుంచి రాశాను. రెండు వారాలు పట్టింది. ఈ పని మీద మనసున్న పిల్లలు, ఉపాధ్యాయులు మీ పాఠకుల్లో తప్పక ఉంటారు కాబట్టి ముఖ్యమైన సంగతులు చెబుతాను.

ఎనిమిదో బల్ల వైరు ఈ పెట్టెలో ఎంసీపీ 23017 చిప్పు 28వ కాలికి ఉంది. తయారీ సంస్థ మైక్రోచిప్ తర్వాత సవరించిన డేటాషీట్‌లో, అంటే చిప్పు వివరాల పత్రంలో, 8, 28 నంబర్ల కాళ్ళను అవుట్‌పుట్‌కు (దీపాల వంటివి నడపడానికి) మాత్రమే వాడమని స్పష్టంగా రాసింది. చిప్పు సమాచారం పంపుతున్న సమయంలోనే ఆ కాలి స్థితి మారితే పంపే మాట చెడిపోవచ్చు. పాత డేటాషీట్ చూసి, పాత పాఠాలు చూసి కట్టేవాళ్ళకు ఇది తెలియదు. ఆ రెండూ వదిలేస్తే చదవడానికి 14 కాళ్ళు మిగులుతాయి. పన్నెండు బల్లలకు పన్నెండు, ప్రశ్నలు అడిగేవారి చేతిలోని "మొదలు", "చెరుపు" బటన్లకు రెండు. కొలిచి కుట్టినట్టు సరిపోయింది. బల్లలను చిప్పు రెండు వైపులకూ ఆరేసి చొప్పున పంచాను. ఒక్కో వైపుకు ఒక ఇంటరప్ట్ కాలు ఉంటుంది. వాటిని ఊనోలో బయటి పిలుపులు అందుకునే 2, 3 పిన్నులకు విడివిడిగా కలిపాను. ఏ వైపు పిలుపు ఎప్పుడు వచ్చిందో ఊనో మైక్రోసెకన్లలో రాసుకుంటుంది. పిలుపు అందిన చోట ఆ సమయం రాసుకోవడం తప్ప ఇంకేమీ చేయకూడదు. చిప్పును చదివే పని తర్వాత చేయాలి. అక్కడే చదవబోతే బోర్డు బిగుసుకుపోతుంది.

మొదటిసారి కట్టినప్పుడు నన్ను మూడు రోజులు తిప్పలు పెట్టిన తప్పు ఒకటుంది. మొదటి ప్రశ్నకు పెట్టె చక్కగా పనిచేసేది. "చెరుపు" నొక్కాక రెండో ప్రశ్నకు చెవిటిదైపోయేది. ఎవరు నొక్కినా దీపం లేదు. వైర్లన్నీ తిరిగి సోల్డరు చేశాను, చిప్పు మార్చాను, విద్యుత్ సరఫరా కొలిచాను. చివరకు మల్టీమీటరు సూదిని 20వ కాలి మీద పెడితే సున్నా వోల్టులు చూపింది. బటన్ వదిలేసినా అది పైకి లేవడం లేదు. చిప్పు దాచుకున్న ముద్రను చదివితేనే ఆ కాలు తిరిగి పైకి లేస్తుంది. పిల్లవాడు నొక్కినప్పుడు ఒక పిలుపు, వేలు తీసినప్పుడు ఇంకొక పిలుపు. నేను మొదటిది చదివి రెండోది వదిలేశాను. కాలు కిందనే ఉండిపోయింది. పైనుంచి కిందికి పడటాన్నే ఊనో పిలుపుగా గుర్తిస్తుంది కాబట్టి, కిందనే ఉన్న కాలు ఇక ఎన్నటికీ పిలవదు. "చెరుపు" నొక్కగానే రెండు వైపులా ఒకసారి చదివి, ఇంటరప్ట్ కాళ్ళు పైకి లేచాయని చూసుకున్నాకే కొత్త ప్రశ్నకు సిద్ధం కమ్మని రాశాను. అదే అదనుగా ఇంకొకటి చేర్చాను. ఎవరైనా బటన్ ముందే నొక్కి పట్టుకుని ఉంటే పెట్టె సిద్ధం కాదు, ఆ బల్ల దీపం మినుకుమినుకుమంటుంది. వేలు తీయాల్సిందే.

హాలు పైకప్పు ఫ్యాన్లు ఇంకొక సంగతి నేర్పాయి. బల్లల నుంచి పెట్టె దాకా వైర్లు పది, పన్నెండు మీటర్లు ఉంటాయి. బటన్ వైరును 5 వోల్టుల దగ్గర పట్టి ఉంచడానికి చిప్పు లోపల లక్ష ఓములు గల రెసిస్టర్ ఉంటుంది. బోర్డు మీద అంగుళం దూరంలో ఉన్న బటన్‌కు అది చాలు, అంత పొడుగు వైరుకు చాలా బలహీనం. ఎవరో ఫ్యాను స్విచ్చి వేయగానే ఏడో బల్ల దీపం వెలిగింది. ఆ బల్ల దగ్గర మనిషే లేడు. ఒక్కో వైరుకు బయటనుంచి 4.7 కిలో ఓముల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాక ఆ దయ్యం వదిలింది. పద్దెనిమిదో కాలును, అంటే రీసెట్ కాలును, తప్పనిసరిగా 5 వోల్టులకు కట్టాలి. గాలికి వదిలేస్తే వేలు తగిలినా చిప్పు మొదటికొస్తుంది.

బటన్ నొక్కగానే లోపలి రేకు కొన్ని మిల్లీసెకన్లు ఎగిరెగిరి పడుతుందని, అది కుదుటపడేదాకా ఆగాలని పాఠాల్లో చెబుతాం. లెక్కపెట్టే యంత్రానికి అది అవసరమే, లేకపోతే ఒక నొక్కు నాలుగవుతుంది. మొదటి నొక్కుకే తలుపు మూసే యంత్రంలో ముందుగా ఆగడం దండగ, పైగా అన్యాయం. నా ప్రోగ్రాము మొదటి పిలుపు అందిన ఒక మిల్లీసెకను తర్వాత బటన్లన్నిటినీ మరోసారి చదువుతుంది. ఆ నొక్కు అప్పటికీ నిలిచి ఉంటే నిజమైనదే. ఆలోపు ఇంకొకరు కూడా నొక్కి ఉంటే, ఇద్దరి దీపాలూ వెలుగుతాయి. అంతకంటే చిన్న తేడాను నేను నమ్మను. ఒక బటన్ స్ప్రింగు బిగువు, ఒకటి వదులు, ఒక వైరు పొడుగు, ఒకటి పొట్టి. పిల్లల తీర్పు స్ప్రింగు చేతిలో పెట్టలేం. ఇక పెట్టె పిలుపు కోసం చూస్తున్నంతసేపూ తెర జోలికి పోదు. పదో వంతు సెకన్లు కనిపించకపోతే ఎవరికీ నష్టం లేదు.

నేను కోరేది ఇది. ప్రతి బడీ కొత్త పెట్టె కొనుక్కోవాలని అనడం లేదు. పోటీ మొదలయ్యే ముందు పదినిమిషాలు కేటాయించి, పిల్లల ఎదుటే పెట్టెను పరీక్షించండి. దానికి నా ఆప్టోకప్లర్లు అక్కర్లేదు, పిల్లల సంచిలో ఉండే అడుగు స్కేలు చాలు. రెండు బల్లల బటన్లను పక్కపక్కన పెట్టండి, ఒకటి చిన్న నంబరు, ఒకటి పెద్ద నంబరు. స్కేలును రెండింటి మీదా ఆనించి, పెద్ద నంబరు వైపు కాస్త వాల్చి నొక్కండి. పెద్ద నంబరు బటనే ముందు దిగుతుంది. ఇరవైసార్లు నొక్కి చూడండి. చిన్న నంబరు దీపం ఒంటరిగా మళ్ళీ మళ్ళీ వెలుగుతోందంటే ఆ పెట్టె ముందు నొక్కినవారిని చెప్పడం లేదు, వరుస చదువుతోంది. స్కేలును చిన్న నంబరు వైపు వాల్చి కూడా చూడండి. పెట్టె ఇందులో తప్పి, వేరే పెట్టె దొరకకపోతే, ఒక్కో విడతకు బల్లల నంబర్లను చీటీలు తీసి మార్చండి. ఒకటో బల్ల దగ్గర కూర్చున్న అదృష్టం ఒకే బడికి రోజంతా దక్కకుండా ఉంటుంది. ఎవరైనా పిల్ల లేచి నిలబడితే, ఆ ప్రశ్న పక్కన పెట్టి ఇంకొక ప్రశ్న అడగండి. ప్రశ్నలకు కరువు లేదు.

ఫిబ్రవరి 28 పోటీ ఫలితాన్ని మార్చమని నేను అడగడం లేదు. రెండో బల్ల పిల్లలు తెలివైనవాళ్ళు, జవాబు వాళ్ళకు తెలుసు, వాళ్ళ బహుమతి వాళ్ళది. నిర్వాహకులకు నా గీతల పుస్తకం నకలు పంపాను. ఇకమీదట పెట్టెను ముందుగా పరీక్షిస్తామని ఫోనులో చెప్పారు. సంతోషం. "వివాదాలకు తావు లేకుండా" అన్న మీ వార్తకు ఈ ఉత్తరాన్ని సవరణగా వేస్తే ఆ అమ్మాయి బడిలో నోటీసు బోర్డు మీద అంటిస్తామని ఆమె సైన్సు మాస్టారు అన్నారు. ఆయన పోయిన ఆదివారం ఆ అమ్మాయిని మా ఇంటికి తీసుకొచ్చారు.

పాత బోర్డుతో ఒకసారి, కొత్త బోర్డుతో ఒకసారి స్కేలు పరీక్ష ఆమె చేతనే చేయించాను. పాత బోర్డులో రెండో బల్ల దీపం వరుసగా వెలుగుతుంటే ఏమీ అనలేదు, గీతలు గీస్తూ కూర్చుంది. కొత్త బోర్డులో స్కేలును ఎటూ వాల్చకుండా సమంగా నొక్కినప్పుడు రెండు దీపాలూ కలిసి వెలిగాయి. "ఇలా వస్తే మార్కులు ఎవరికిస్తారు మాస్టారూ?" అని అడిగింది. ఎవరికీ ఇవ్వరు, ఇద్దరికీ ఇంకొక ప్రశ్న వేస్తారు అన్నాను. అయితే ఆ సంగతి పెట్టె మీద రాసి ఉండాలి, లేకపోతే అప్పటికప్పుడు ఎవరికి తోచినట్టు వాళ్ళు చేస్తారు అంది. కాగితం ఇచ్చాను. "రెండు దీపాలు వెలిగితే సమానం. మరో ప్రశ్న అడగాలి" అని గుండ్రటి అక్షరాలతో రాసింది. దాన్ని మూత మీద అంటించి, పైన పారదర్శకమైన టేపు వేసి, పెట్టెను సోమవారం దుకాణంలో అప్పగించాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత పాలిటెక్నిక్ ప్రయోగశాల ఉద్యోగి,
తెనాలి